దస్తావేజుకెక్కని హక్కులు

మస్కట్‌లో 27 సంవత్సరాలుగా ఉద్యోగం చేస్తున్న ఒక సోదరుడు ఇటీవల మాకు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఆయన సొంతవూరు కడప జిల్లాలో ఉంది. పిల్లలు చదువులు పూర్తిచేసుకొని ఎవరికి వారు స్థిరపడ్డారు. ఆయన పదవీ విరమణకు ఇంకా రెండేళ్ళే ఉంది. ఇంతకాలం కూడబెట్టిన సొమ్ముతో ఒక ఇల్లు కొనుక్కుని, మిగిలిన జీవితాన్ని ప్రశాంతంగా, ఆరాధనలో గడపాలని ఆయన కోరిక. కడపలో ఉందామంటే ఎండలు, హైదరాబాద్‌లో ఉందామంటే రద్దీ. ఆయనతోపాటు పనిచేసే ఒక ఒమానీ మిత్రుని పూర్వీకులు జాంజిబార్ దీవిలో ఉండి వచ్చినవారట. ఆ మిత్రుడు సెల్‌ఫోన్‌లో కొన్ని ఫోటోలు చూపించారు. తెల్లని ఇసుక, కొబ్బరిచెట్లు, నీటి అంచున చిన్న పల్లె, పల్లె మధ్యలో మస్జిద్. అక్కడ సముద్రానికి ఎదురుగా ఒక స్థలం అమ్మకానికి ఉందట. ధర హైదరాబాద్ శివార్లలో ఒక ఫ్లాటు ధరకు మించదట.

"ముస్లిముల ఊరు. అయిదు పూటలా అజాన్ వినిపిస్తుంది. హలాల్ భోజనానికి వెదుక్కోనక్కరలేదు. రొద లేదు. ఇందులో షరీఅత్ దృష్ట్యా అభ్యంతరం ఏమైనా ఉందా?" అని ఆయన అడిగారు. తన శ్రీమతికి మాత్రం అంత సుముఖత లేదనీ, భాష తెలియని ఊళ్ళో రోజంతా ఎవరితో మాట్లాడాలన్నది ఆమె ప్రశ్న అనీ ఉత్తరం చివర రాశారు. అది చిన్న విషయం, సర్దుకుపోతుంది అన్నట్లు రాశారు.

సూటిగా అడిగిన ప్రశ్నకు సూటిగానే సమాధానం చెప్పవచ్చు. ధర్మసమ్మతంగా సంపాదించిన సొమ్ము, అమ్మేవాని ఇష్టపూర్వకమైన అంగీకారం, వడ్డీ ప్రమేయం లేని బేరం, ఆ దేశపు చట్టానికి లోబడిన ఒప్పందం ఉంటే అభ్యంతరం లేదు. జీవితమంతా ఎడారిలో కష్టపడిన మనిషి చివరికి కాస్త చల్లని గాలిని కోరుకోవడం పాపమెలా అవుతుంది? అల్లాహ్ తన దాసుల కోసం సృష్టించిన శోభను నిషేధించే అధికారం మనకు లేదు.

ఉత్తరం రెండోసారి చదివినప్పుడు ఒక విషయం గమనించాము. 'ప్రశాంతత' అన్న మాటను ఆయన ఆరుసార్లు రాశారు. స్థలం కొలతలు ఒక్కసారే రాశారు. అంటే ఆయన నిజంగా కొనదలచుకున్నది ఆ ప్రశాంతతనే. మరి అది అమ్మేవాని చేతిలో ఉన్న వస్తువేనా? ఒకవేళ కాకపోతే, డబ్బు ఇచ్చి ఆయన తీసుకుంటున్నది ఎవరిది? ఈ ప్రశ్న షరీఅత్‌కు సంబంధించినదే. దీనికి సమాధానం వెదకాలంటే ముందు ఆ ఊరి సంగతి కొంత తెలుసుకోవాలి.

జాంజిబార్ ఆఫ్రికా తూర్పు తీరాన ఉన్న దీవుల సముదాయం. ఉంగుజా, పెంబా అందులో పెద్దవి. నేడు అది టాంజానియాలో భాగమైనా, భూమి వంటి విషయాల్లో తన చట్టాలు తానే చేసుకుంటుంది. 2022 జనాభా లెక్కల ప్రకారం అక్కడ సుమారు 19 లక్షల మంది ఉన్నారు. దాదాపు అందరూ ముస్లిములే. 1840 ప్రాంతంలో ఒమాన్ సుల్తాన్ సయ్యద్ సయీద్ తన ఆస్థానాన్ని మస్కట్ నుండి అక్కడికి తరలించారు. లవంగ తోటలు విస్తరించాయి. ఆ తోటల్లో చెమటోడ్చినవారు బానిసలుగా తేబడిన ఆఫ్రికన్లు. తోటల యజమానులూ ముస్లిములే అన్న సంగతిని మనం దాచుకోకూడదు. 1964 జనవరిలో విప్లవం వచ్చింది, ఎంతో రక్తం ప్రవహించింది, సుల్తాన్ పాలన ముగిసింది. అనేక కుటుంబాలు ప్రాణాలు అరచేత పట్టుకొని ఒమాన్ చేరుకున్నాయి. మన సోదరుని మిత్రుని కుటుంబం అలా వచ్చినదే. విప్లవ ప్రభుత్వం భూమినంతటినీ ప్రభుత్వపరం చేసి, మూడేసి ఎకరాల చొప్పున పేదలకు పంచింది.

ఈ కారణంగా అక్కడ భూమి నేటికీ ప్రభుత్వానిదే. 1992లో చేసిన భూచట్టం ప్రకారం భూమిని అనుభవించే హక్కు జాంజిబార్ వాసులకే ఉంటుంది. విదేశీయుడు నిర్ణీత కాలానికి కౌలుకు తీసుకోగలడే గాని సొంతం చేసుకోలేడు. కనుక 'స్థలం అమ్మకానికి ఉంది' అని ఎవరైనా మన సోదరునితో అని ఉంటే, ఆ మాటలోనే మొదటి తిరకాసు ఉంది. చేతికి వచ్చేది కౌలు కాగితమే. ఇది తెలియక మధ్యవర్తుల మాట నమ్మి, స్థానికుని పేరు మీద స్థలం పెట్టి, తర్వాత నెత్తిన చెయ్యి పెట్టుకునేవారు ఏ దేశంలోనైనా ఉంటారు. ఈ సంగతి ఆయనకు వెంటనే రాసి పంపాము.

కాగితం కంటే పాతదైన ఆచారం మరొకటి ఉంది. జాంజిబార్‌లో భూమి ఒకరిది, దాని మీది కొబ్బరిచెట్లు మరొకరివి కావడం వింతేమీ కాదు. భూమికి వేరుగా, చెట్లకు వేరుగా యాజమాన్యం ఉండేది. చెట్టును అమ్ముకోవచ్చు, వారసులకు పంచవచ్చు. రాజధానికి ఆనుకొని ఉన్న పేదల పేటలో సైతం ఇల్లు ఒకరిది, ఇంటి కింది నేల మరొకరిది. ఆ నేల అద్దె భారమై 1928లో అక్కడి ప్రజలు అద్దె చెల్లించేది లేదని ఎదురుతిరిగారు. అంటే ఆ దీవిలో ఒకే జాగా మీద ఇద్దరికి, ముగ్గురికి వేర్వేరు హక్కులు ఉంటాయన్నది అందరికీ తెలిసిన విషయం. బయటివాడు వచ్చి అక్కడ నిలబడి చూస్తే అతని కంటికి కనిపించేది మాత్రం ఒక ఖాళీ జాగా, నాలుగు కొబ్బరిచెట్లు.

ఇప్పుడు ఆ ఫోటోల దగ్గరికి వద్దాము. ఉంగుజా తూర్పు తీరంలో పాజె, జంబియాని, బ్వెజూ అనే పల్లెలు వరుసగా ఉన్నాయి. తీరానికి కొంత దూరంలో పగడపు దిబ్బ ఒకటి గోడలా సాగుతుంది. పెద్ద అలలు అక్కడే విరిగిపోతాయి. దిబ్బకూ ఒడ్డుకూ మధ్య నీరు చెరువులా నిలకడగా ఉంటుంది. ఆటుపోట్ల తేడా మాత్రం చాలా ఎక్కువ. పోటు వేళ ఇళ్ళ ముంగిటి దాకా వచ్చిన నీరు ఆటు వేళ దిబ్బ వైపు వెనక్కి పోతుంది. పర్యాటకుల పుస్తకాల్లో కనిపించేది పోటు వేళ దృశ్యం. నీలిరంగు నీరు, నిర్మానుష్యమైన ఇసుక. ఆటు వేళ అదే చోట ఫోటో తీస్తే అందులో మనుషులు కనిపిస్తారు.

వారిలో ఎక్కువమంది స్త్రీలు. తలపై ముసుగు కప్పుకొని, మోకాళ్ళ లోతు నీళ్ళలో వంగి, ఇసుకలో పాతిన పుల్లల మధ్య తాళ్ళు కట్టి, ఆ తాళ్ళకు సముద్రపు నాచు మొక్కలు ముడివేస్తూ ఉంటారు. కొన్ని వారాల్లో నాచు పెరుగుతుంది. కోసి, ఒడ్డున ఎండబెట్టి అమ్ముతారు. దాని నుండి తీసే జిగురు పదార్థాన్ని ఐస్‌క్రీములోనూ, టూత్‌పేస్టులోనూ కలుపుతారు. 1989 ప్రాంతంలో ఈ సాగు ఈ తూర్పు పల్లెలలోనే మొదలయ్యింది. దాని విత్తనం ఫిలిప్పీన్స్ నుండి వచ్చింది. ధర ఎప్పుడూ అంతంతమాత్రమే. అయినా ఆ కాస్త డబ్బు స్త్రీల చేతికే వచ్చింది. పిల్లల బడి ఫీజు, ఇంటి కప్పుకు రేకులు, పెళ్ళీడు కూతురికి నాలుగు వస్తువులు దానితోనే సమకూరాయి. ఇటీవలి సంవత్సరాల్లో సముద్రం వేడెక్కి, మంచి ధర పలికే రకం నాచు తీరానికి దగ్గరి లోతులేని నీళ్ళలో చచ్చిపోతున్నది. ఆ కష్టం చాలదన్నట్లు, పాజెలో గాలిపటం వంటి తెరచాప పట్టుకొని నీటి మీద పలకపై దూసుకుపోయే ఆటకు విదేశీయులు వస్తున్నారు. వారికి ఆ పుల్లలూ తాళ్ళూ కాళ్ళకు అడ్డు. వీరికి ఆ పుల్లలే పంట. ఎవరు పక్కకు తప్పుకోవలసి వస్తుందో ఊహించడం కష్టమేమీ కాదు.

నాచు పండించనివారు కర్ర పట్టుకొని దిబ్బ సందుల్లో ఆక్టోపస్‌లను వెదుకుతారు. కొబ్బరి పీచును తడి ఇసుకలో నెలల తరబడి పాతిపెట్టి, తీసి, బాది, తాళ్ళు పేనుతారు. మన కోనసీమ వారికి ఈ పని కొత్తగా అనిపించదు. మగవారు ఇరువైపులా కొయ్యలు కట్టిన సన్నని దోనెలలో చేపలవేటకు వెళతారు. ఇసుక మీదే దోనె బాగుచేసుకుంటారు, ఇసుక మీదే పిల్లలు బంతి ఆడతారు. ఇంటి ముందు రాతి అరుగు మీద కూర్చుని, వచ్చేపోయేవారికి సలాం చెబుతారు. ఇదంతా జరిగే చోటునే మనం 'ఖాళీ బీచి' అంటున్నాము.

ఆ ప్రశాంతత సముద్రం ఇచ్చింది కాదు. అదే సముద్రం ముంబయిలోనూ, దుబాయిలోనూ ఉంది. అక్కడ ఒకరినొకరు ఎరిగిన మనుషులు, తమకు అవసరమైనంతే తీసుకుంటూ, ఇరుగుపొరుగు దారికి అడ్డం పడకుండా, తరాల తరబడి బ్రతకడం వల్ల అది ఏర్పడింది. దానిని అమ్మే అధికారం ఆ ఊళ్ళో ఏ ఒక్కరికీ లేదు. అమ్మేవాడు తన జాగాకు మాత్రమే డబ్బు తీసుకుంటాడు. ఆ జాగా మీదుగా నీటికి వెళ్ళే స్త్రీలకు ఎవరూ ఏమీ ఇవ్వరు. వారిని ఎవరూ అడగరు కూడా.

నీటి సంగతి ఇంకా గంభీరమైనది. పగడపు రాతి దీవుల్లో వాననీరు ఇంకి, అడుగున ఉన్న ఉప్పునీటి మీద పలుచని మంచినీటి పొరగా నిలుస్తుంది. తీరంలో బావులకు ఆ పొరే ఆధారం. దాన్ని మితిమీరి తోడితే ఉప్పునీరు పైకి వస్తుంది. ఒకరి మోటారు బలంగా తోడితే పక్కవాని బావి ఉప్పుబారుతుంది. 2012లో వెలువడిన ఒక అధ్యయనం నుంగ్వి, కివెంగ్వా, జంబియాని పల్లెలలో నీటి వాడకాన్ని పరిశీలించింది. స్థానిక కుటుంబం రోజుకు సగటున 93 లీటర్లు వాడుతుంటే, పర్యాటకుల వసతుల్లో ఒక్కొక్క గదికి సగటున 1,482 లీటర్లు ఖర్చవుతున్నట్లు అది తేల్చింది. అంటే సుమారు 16 రెట్లు. ఆ గదిలో పడుకున్నవాడు దుర్మార్గుడేమీ కాదు. రెండుసార్లు స్నానం చేశాడు, ఈతకొలనులో దిగాడు, తోటకు నీళ్ళు పెట్టించాడు. బావి దగ్గర బిందెతో నిలబడిన అమ్మాయి అతనికి కనిపించలేదు, అంతే.

'అతను విదేశీయుడు, వేరే మతస్థుడు, సెలవుల కోసం వచ్చినవాడు. నేను ముస్లిముని, మస్జిద్‌లో వారి పక్కన నిలబడేవాడిని' అని మన సోదరుడు అనుకోవచ్చు. ఆయన ఉత్తరంలో ఆ ధ్వని ఉంది. 'ముస్లిముల ఊరు' అన్నప్పుడు అది తన ఊరే అన్న భావం ఆయనకు కలిగింది. ఈ భావం మంచిదే. అయితే కట్టినవాడు నమాజీ అయినంత మాత్రాన గోడ దారి ఇవ్వదు. మోటారు నడిపించేవాడు సలాం చెప్పినంత మాత్రాన బావిలో ఉప్పు తగ్గదు. ఒకే ధర్మాన్ని అనుసరించడం వల్ల మనకు అక్కడ దొరికేది పొరుగువాని స్థానం. పొరుగువాని స్థానంలో హక్కుల కంటే బాధ్యతలే ముందు వస్తాయి.

ఆస్తి కొనుగోలులో పొరుగువానికి స్థానం కల్పించిన ధర్మం మనది. దానినే 'హఖ్-ఎ-షుఫా' అంటారు. భాగస్వామి తన వాటాను పరాయివానికి అమ్ముతుంటే, అదే ధరకు ముందుగా కొనుక్కునే హక్కు మిగతా భాగస్వామికి ఉంటుంది. హనఫీ పండితులు ఈ హక్కును ఆనుకొని ఉన్న పొరుగువానికి కూడా ఇచ్చారు. షాఫయీ పండితులు భాగస్వామికే పరిమితం చేశారు. మన ప్రాంతంలో ఎక్కువమంది హనఫీలు. జాంజిబార్‌లో ఎక్కువమంది షాఫయీలు. కనుక తెలివైన కొనుగోలుదారుడు, 'అక్కడి ఫిఖ్హ్ ప్రకారం పొరుగువాణ్ణి అడగనక్కరలేదు' అని సంతోషించవచ్చు. మన దేశంలోనైతే అతని పని ఇంకా సులువు. 1962లో సుప్రీంకోర్టు, కేవలం పొరుగున ఉన్నంత మాత్రాన కొనుగోలులో ముందు హక్కు ఇవ్వడం రాజ్యాంగానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. కోర్టుకు దాని కారణాలు దానికున్నాయి. చట్టం బలవంతం చేయని చోట మనిషి ఏం చేస్తాడన్నది వేరే విషయం.

హజ్రత్ అబూ రాఫె (రజి) దైవప్రవక్త (సల్లం) గారి చేత విముక్తి పొందిన సేవకులు. హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) గారి ఆవరణలో ఆయనకు రెండు గదులు ఉండేవి. వాటిని కొనుక్కోమని సఅద్‌ను ఆయన అడిగారు. నాలుగు వేల దిర్హములకు మించి ఇవ్వలేననీ, అదీ వాయిదాల మీదనేననీ సఅద్ అన్నారు. అప్పటికే అబూ రాఫెకు 500 దీనార్లు, అంటే అంతకంటే ఎక్కువే, ఇస్తామన్నవారు ఉన్నారు. పొరుగువానికి అతని సామీప్యం కారణంగా ఎక్కువ హక్కు ఉంటుందన్న విషయం దైవప్రవక్త (సల్లం) నోట తాను విని ఉండకపోతే ఈ ధరకు ఇచ్చేవాణ్ణి కానని చెప్పి, ఆయన ఆ గదులను సఅద్‌కే ఇచ్చివేశారు. సహీహ్ బుఖారీలో ఈ సంఘటన ఉంది. ఇక్కడ త్యాగం చేసినవారు అమ్మకందారు, అదీ ఒకప్పుడు బానిసగా ఉన్నవారు. మన కాలంలో స్థోమత కొనేవాని దగ్గర ఉన్నది. అమ్మేవాడు తరచు కూతురి పెళ్ళికో, ఆసుపత్రి ఖర్చుకో, గత్యంతరం లేక అమ్ముతాడు. అప్పుడు పొరుగును గుర్తుచేసుకోవలసినవాడు ఎవరు?

చెట్టూ భూమీ వేర్వేరు చేతుల్లో ఉన్నప్పుడు వచ్చే తగవు కూడా మనకు కొత్త కాదు. హజ్రత్ సమురా బిన్ జుందుబ్ (రజి) గారి ఖర్జూరపు చెట్లు ఒక అన్సారీ సోదరుని తోటలో ఉండేవి. ఆ అన్సారీ కుటుంబం అక్కడే నివసించేది. చెట్ల కోసం ఆయన వచ్చిపోతుంటే వారికి ఇబ్బందిగా ఉండేది. దైవప్రవక్త (సల్లం) ఆ చెట్లను అమ్మమన్నారు, మరోచోట మార్చుకోమన్నారు, పుణ్యం కోసం ఇచ్చివేయమన్నారు. ఆయన దేనికీ ఒప్పుకోలేదు. చివరికి చెట్లను పెరికివేయమని ప్రవక్త (సల్లం) అన్సారీకి చెప్పారని అబూ దావూద్ ఉల్లేఖనం. ఈ ఉల్లేఖన పరంపర విషయంలో హదీసువేత్తల మధ్య చర్చ ఉంది. అయినా ఇతరులకు హాని కలిగించరాదన్న సూత్రానికి ఇది అనుగుణంగానే ఉంది. చెట్లు సమురావే. ఆయన దొంగ కాదు, కబ్జాదారు కాదు. తన సొంత ఆస్తిని తాను అనుభవిస్తున్నారు. అయినప్పటికీ ఆ హక్కుకు ఒక గట్టు ఉందని తేలింది.

కొనడమే తప్పు అన్నది మా భావం కాదు. మదీనాలో రూమా బావి ఒకరి సొంత ఆస్తిగా ఉండేది. నీరు కావాలంటే డబ్బు ఇవ్వాలి. హజ్రత్ ఉస్మాన్ (రజి) దానిని తన సొమ్ముతో కొని ప్రజలందరికీ వదిలారు. ఆయన చేసిందీ కొనుగోలే. అంతకుముందు మూసి ఉన్న దారి ఆ కొనుగోలు వల్ల తెరుచుకుంది.

మరో అభ్యంతరం ఉంది, దానిని తేలికగా తీసివేయలేము. 'ఆ పల్లెవారు పేదవారు. జాగా అమ్ముకుంటే వారికి డబ్బు వస్తుంది. మా ప్రశాంతత చెడుతుందని వారిని పేదరికంలోనే ఉంచుతారా?' అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. నాచు ముడివేస్తూ ఉప్పునీళ్ళలో నడుము విరుచుకోవడం ఏసీ గదిలో కూర్చుని చదివేవారికి అందంగా ఉండవచ్చుగాని, చేసేవారికి అందమైన పనేమీ కాదు. పర్యాటకం వల్ల కొందరికి పని దొరికింది. అయితే పెద్ద హోటళ్ళలోని ఉద్యోగాలు చాలావరకు దీవి బయటివారికే దక్కుతున్నాయన్న బాధ కూడా అక్కడ ఉంది. అమ్మినవాని డబ్బు కొన్నాళ్ళకు ఖర్చయిపోతుంది. పెరిగిన ధరలో అతని కొడుకు మళ్ళీ అక్కడ సెంటు నేల కూడా సంపాదించుకోలేడు. అమ్మవద్దని వారికి చెప్పే అర్హత మనకు లేదు. ఎలా కొనాలో మనకు మనం చెప్పుకునే అర్హత ఉంది.

ఇది దూరదేశపు సంగతి అనుకునేవారు ఒకసారి విశాఖ నుండి భీమిలి వైపు వెళ్ళే రోడ్డు మీద ప్రయాణించండి. 'సముద్రానికి ఎదురుగా ప్లాట్లు' అన్న బోర్డులు కనిపిస్తాయి. మన ఇళ్ళలోనూ వాటికి వాయిదాలు కట్టేవారు ఉన్నారు. ఆ ఇసుక మీద మత్స్యకారులు పెద్ద వల లాగుతారు. ఒక్క వల ఒడ్డుకు చేరాలంటే పదుల మంది రెండు వరుసలుగా నిలబడి లాగాలి. దానికి జాగా కావాలి. చేపలు ఆరబెట్టడానికి, పడవలు పైకి లాగడానికి జాగా కావాలి. ఈ అవసరాన్ని మన చట్టం కొంత గుర్తించింది. 1991లో తీర ప్రాంత నియంత్రణ నిబంధనలు వచ్చాయి. పోటు నీరు చేరే గీత నుండి 500 మీటర్ల వరకు నేల వాటి పరిధిలోకి వచ్చింది. గ్రామీణ తీరంలో మొదటి 200 మీటర్లలో కొత్త నిర్మాణాలు కూడవన్నారు. 2019లో జనసాంద్రత ఎక్కువగా ఉన్న గ్రామాల్లో దీనిని 50 మీటర్లకు తగ్గించారు. నిబంధనను కాదని కట్టినవి ఏమవుతాయో కేరళలోని మరడులో చూశాము. సుప్రీంకోర్టు ఆదేశంపై నాలుగు బహుళ అంతస్తుల భవన సముదాయాలను 2020 జనవరిలో కూల్చివేశారు. అక్కడ ఇళ్ళు కోల్పోయినవారిలో తమ జీవితకాలపు పొదుపు పెట్టినవారు ఉన్నారు. బిల్డరు చూపించిన కాగితాలు వారు చూశారు. నీటి గీత ఎక్కడ ఉందో చూడలేదు.

మస్కట్ సోదరునికి మేము రాసిన జవాబులో ఫత్వా ఏమీ లేదు, కొన్ని ప్రశ్నలే ఉన్నాయి. ఆ జాగాలో చెట్లు ఎవరివి? అమ్మేవాడు ఎందుకు అమ్ముతున్నాడు? అన్నదమ్ములు, పొరుగువారు కొనగలిగే స్థితిలో ఉన్నారా, వారిని ఎవరైనా అడిగారా? నీరు ఏ బావి నుండి వస్తుంది, ఆ బావి మీద ఇంకెందరు ఆధారపడ్డారు? ఊరి నుండి సముద్రానికి వెళ్ళే దారి ఎటు ఉంది? మధ్యవర్తిని అడిగితే చెప్పడనీ, ఆ ఊరి మస్జిద్‌లో అడిగించమనీ సూచించాము.

రెండు నెలల తర్వాత ఆయన మళ్ళీ రాశారు. ఈసారి ఒకే పేజీ. ఒమానీ మిత్రుని బంధువు ఒకరు స్వయంగా ఆ ఊరికి వెళ్ళి కనుక్కున్నారట. చెట్లు అమ్మేవాని చెల్లెలివి. ఆమెకు అమ్మకం సంగతే తెలియదు. ఆ జాగా మధ్యగా ఒక కాలిదారి ఉంది. ఊరి స్త్రీలు నాచుకు వెళ్ళేది ఆ దారినే. ఏ కాగితంలోనూ దాని ప్రస్తావన లేదు. తమ అమ్మమ్మల కాలం నుండి నడుస్తున్నామని మాత్రం అందరూ చెప్పారు. మధ్యవర్తిని అడిగితే, గోడ కట్టుకోవచ్చు, ఎవరూ అడ్డుచెప్పరు అన్నాడట. దారిని గోడకు అవతల వదిలేస్తే సముద్రం వైపు ముఖద్వారంలో పావు వంతు పోతుంది. ధర మాత్రం తగ్గదు. పైగా పడకగది కిటికీ ఆ దారికే ఎదురవుతుంది. ఆటు ఏ వేళకు వస్తే ఆ వేళకు, ఒక్కోసారి ఫజ్ర్‌కు ముందే, స్త్రీలు మాట్లాడుకుంటూ అటుగా వెళతారు. 'నేను కోరుకున్న ప్రశాంతత ఇక ఎక్కడిది?' అని ఆయన రాశారు. కొనాలా, మానాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. ముందు చెల్లెలి సంగతి తేలనివ్వమని మాత్రం అమ్మేవానికి కబురు పంపారట.

ఆ ఉత్తరం అడుగున ఖాళీగా మిగిలిన చోట ఆయన శ్రీమతి ఉర్దూలో రెండు పంక్తులు రాశారు. ఆ దారిన వెళ్ళే స్త్రీలు మాట్లాడేది స్వాహిలీ అని విన్నాననీ, దానిని నేర్చుకోవడానికి ఉర్దూలో గాని తెలుగులో గాని పుస్తకం ఏదైనా దొరుకుతుందేమో కనుక్కొని చెప్పమనీ.